పంచినవాడూ ప్రచురణకర్తే



నార్ల వెంకటేశ్వరరావు గారి స్మృతిలో మాట్లాడమని అడిగినప్పుడు నిర్వాహకులు విషయం ఎంపిక నాకే వదిలేశారు. నార్లవారిని తలుచుకునే సభల్లో సంపాదకీయాల గురించో, వాడుక భాష గురించో, హేతువాదం గురించో మాట్లాడటం రివాజు. నేను మాత్రం ఆయన చూడని ఒక పత్రిక గురించి మాట్లాడదలచాను. ఆ పత్రికకు సంపాదకుడు లేడు, సబ్ ఎడిటర్ లేడు, ప్రూఫ్ రీడర్ లేడు. అర్ధరాత్రి రెండింటికి కూడా అచ్చవుతూనే ఉంటుంది. మీ ఇంట్లో పదహారేళ్ల పిల్ల చేతిలో దానికొక ఎడిషన్ ఉంది, ఆ పిల్ల తాతగారి చేతిలో ఇంకో ఎడిషన్ ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, వాట్సాప్ స్టేటస్, పేరు ఏదైనా సరే, మనిషి తన సొంత మాటను తన చేత్తోనే అచ్చువేసుకునే చోటు అది. అక్కడ పెట్టిన ఒక వాక్యం, ఒక ఫొటో మనిషి పరువు ఎలా తీస్తుంది, ఆ తీసేది అసలు ఎవరు అన్నదే ఈ పూట నేను మీ ముందు పెట్టే ప్రశ్న.

1938లో మద్రాసులో మొదలైన ఆంధ్రప్రభకూ, 1960లో విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతికీ నార్లవారు సంపాదకులు. ఆ కాలంలో కోపం వచ్చిన పాఠకుడు ఉత్తరం రాసేవాడు. కవరు అంటించి పోస్టులో వేస్తే అది పత్రికాఫీసు చేరేసరికి రెండు మూడు రోజులు పట్టేది. డెస్కులో ఎవరో ఒకరు చదివేవారు. పేర్లు పెట్టి తిట్టిన వాక్యాలు కొట్టేసేవారు. కొన్ని ఉత్తరాలు నేరుగా చెత్తబుట్టలోకి పోయేవి. నా ఉత్తరం వేయలేదని రాసినవాడు అలిగేవాడు. వేయకపోవడం వల్ల ఎందరి పరువు దక్కిందో, అందులో రాసినవాడి పరువే ఎన్నిసార్లు దక్కిందో లెక్క కట్టినవాళ్లు లేరు. ఆ పని చేసిన సంపాదకుడి పేరు మాత్రం ప్రతి సంచికలోనూ అడుగున కనిపించేది. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు ఎవరో ప్రకటించి తీరాలన్న నియమం 1867 నాటి ప్రెస్ చట్టం కింద వచ్చింది. దాని స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చినా ఆ బాధ్యత పోలేదు. అచ్చయిన మాటకు జవాబు చెప్పవలసినవాడు ఫలానా అని ఊరందరికీ తెలుసు.

పాత పత్రికలు ఎవరినీ నొప్పించలేదని నేను అనడం లేదు. నార్లవారి కలం ఎంత ఘాటో ఇక్కడున్న చాలామందికి తెలుసు. సాహిత్య అకాడమీ కోసం వీరేశలింగం మీద ఇంగ్లీషులో పుస్తకం రాసిన మనిషి ఆయన. 1874లో వివేకవర్ధని పెట్టి లంచగొండుల మీద యుద్ధం చేసిన వీరేశలింగాన్ని అంతగా గౌరవించినవాడికి, ఒకరి పరువు పోతుందేమోనని కలం ఆపే స్వభావం ఉండదు. అయితే అక్కడ పోయిన పరువు అధికారం చేతిలో ఉన్నవాడిది. ఆ అధికారంతో వాడు చేసిన పనికి పోయిన పరువు అది. ఈ తేడాను దయచేసి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఒక క్రికెట్ సంగతి. 2021 జూన్ 2. లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఇంగ్లాండు, న్యూజీలాండు టెస్టు మొదలైంది. ఓలీ రాబిన్సన్ అనే 27 ఏళ్ల పేస్ బౌలర్‌కు అది తొలి టెస్టు. ఆటకు ముందు ఇంగ్లాండు ఆటగాళ్లు వివక్షకు వ్యతిరేకంగా మాటలు రాసి ఉన్న టీషర్టులు వేసుకుని వరసగా నిలబడ్డారు. రాబిన్సన్ కూడా ఆ వరసలో ఉన్నాడు. అతను మైదానంలో ఉండగానే బయట అతని పాత ట్వీట్లు తిరగడం మొదలైంది. 2012, 2013 ప్రాంతంలో, ఇరవై ఏళ్లు నిండక ముందు పెట్టినవి. ఆసియా సంతతివాళ్ల మీద, ముస్లింల మీద, ఆడవాళ్ల మీద నీచమైన వెటకారాలు. సాయంత్రం ఆట ముగిశాక కెమెరా ముందు నిలబడి క్షమాపణ చదివాడు. ఆ మ్యాచ్‌లో ఏడు వికెట్లు తీశాడు. మ్యాచ్ ముగిసిన వెంటనే ఇంగ్లాండు క్రికెట్ బోర్డు అతన్ని సస్పెండ్ చేసింది. క్రమశిక్షణ సంఘం విచారించి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేసింది. అందులో అయిదింటిని అమలు చేయకుండా పక్కన పెట్టింది. 3,200 పౌండ్ల జరిమానా కట్టించింది. ఆగస్టుకల్లా రాబిన్సన్ తిరిగి వచ్చాడు. లీడ్స్‌లో మన జట్టు మీదే రెండో ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు.

ఆ మాటలు నీచమైనవే. అవి పడినవాళ్లకు తగిలిన దెబ్బ, రాసినవాడి వయసు చూసి తగ్గదు. అందుకే శిక్ష పడటం న్యాయమే అంటాను. కానీ ఆ శిక్షకు ఒక కొలత ఉంది. ఆరోపణ ఏమిటో రాసి చూపించారు. అతని మాట విన్నారు. అమలు చేసిన మూడు మ్యాచ్‌లు అంటే మూడు మ్యాచ్‌లే. ఆ తర్వాత బంతి చేతికిచ్చి వేయమన్నారు. పేరున్నవాడికి బోర్డు ఉంది, విచారణ ఉంది, తిరిగి వచ్చే తలుపు ఉంది. పేరు లేనివాళ్ల సంగతి వేరు. వాళ్లను విచారించేవాళ్లు లేరు, శిక్ష ఎన్నాళ్లో చెప్పేవాళ్లు లేరు, అయిపోయిందని ప్రకటించేవాళ్లు అసలే లేరు.

అదే ఏడాది నవంబరులో ఇంకొకటి జరిగింది. యార్క్‌షైర్ క్రికెట్ క్లబ్బులో తాను పడిన జాతివివక్షను ఆ క్లబ్బు మాజీ ఆటగాడు అజీమ్ రఫీక్ బ్రిటిష్ పార్లమెంటరీ కమిటీ ముందు కన్నీళ్లతో చెప్పుకున్నాడు. రెండు రోజులు తిరక్కుండానే, 2011లో యూదులను కించపరుస్తూ అతను మరో ఆటగాడితో మార్చుకున్న సందేశాలు బయటికి వచ్చాయి. రఫీక్ 'నేను కాదు' అనలేదు, పాతవని తప్పించుకోలేదు. సిగ్గుపడుతున్నానని చెప్పి, యూదు సమాజానికి క్షమాపణ చెప్పి, హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడిన ఒక వృద్ధురాలిని కలిసి కూర్చున్నాడు. నన్ను కలవరపెట్టేది అతని పాత సందేశాలకంటే వాటిని చూసి సంబరపడ్డవాళ్లు. రెండు రోజుల క్రితం అతను చెప్పిన వివక్ష అంతా అబద్ధమైపోయినట్టు మాట్లాడారు. ఒక మనిషి బాధితుడూ అయి ఉండవచ్చు, మరొకచోట నోరు జారినవాడూ అయి ఉండవచ్చు. పాత పోస్టు తవ్వి తీసేవాడికి చాలాసార్లు దాని న్యాయాన్యాయాలతో పని ఉండదు. ఈ రోజు మాట్లాడుతున్న నోరు మూయించడమే కావాలి.

ఇక పేరు లేనివాళ్ల సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2006లో టీచరు కాబోతున్న ఒక అమ్మాయి, పార్టీలో సముద్రపు దొంగ టోపీ పెట్టుకుని ప్లాస్టిక్ కప్పుతో తాగుతున్న తన ఫొటోను మైస్పేస్‌లో పెట్టుకుంది. తాగిన దొంగ అని సరదాగా కింద రాసుకుంది. ఆమె శిక్షణ పొందుతున్న బడివాళ్లు చూశారు. విశ్వవిద్యాలయం ఆమెకు ఉపాధ్యాయ పట్టా ఇవ్వకుండా ఇంగ్లీషు డిగ్రీ చేతిలో పెట్టి పంపింది. కోర్టుకు వెళ్లింది. 2008లో ఓడిపోయింది. ఆమె పోస్టుల మీదే కాక శిక్షణ సరిగా సాగలేదన్న ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి ఫొటో ఒక్కటే కారణమని చెప్పడం పూర్తి నిజం కాదు. కానీ ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలుగా పుస్తకాల్లో, క్లాసుల్లో, ఉపన్యాసాల్లో ఆ అమ్మాయి ఆ ఫొటోగానే మిగిలిపోయింది. ఆమె పేరు నేను చెప్పను. చెబితే ఇక్కడి నుంచి కూడా ఒక వెతుకులాట మొదలవుతుంది.

ఇలాంటివి విన్నప్పుడల్లా మన ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: పెట్టేముందు ఆలోచించుకోవద్దా? ఈ మాటలో తప్పు లేదు, కానీ భారమంతా పెట్టినవాడి నెత్తినే వేసి మిగిలినవాళ్లను వదిలేస్తుంది. పెట్టినవాడు ఎవరి కోసం పెట్టాడు? తన హాస్టల్ స్నేహితులు నలుగురి కోసం పెట్టాడు. ఆ నలుగురికీ వాడి మాట తీరు తెలుసు, వెటకారం తెలుసు, ముందురోజు ఏం జరిగిందో తెలుసు. అదే వాక్యాన్ని పదేళ్ల తర్వాత కంపెనీ హెచ్ఆర్ ఆవిడ చదువుతుంది, కాబోయే మామగారు చదువుతారు, ఎదుటి పార్టీవాడు చదువుతాడు. వాళ్లలో ఎవరికీ ఆ నలుగురికి తెలిసినవి తెలియవు. పైగా తలుపు తెరిచింది ప్రతిసారీ పెట్టినవాడే కాదు. 2009 డిసెంబరులో ఫేస్‌బుక్ తన సెట్టింగులు మార్చినప్పుడు, అంతవరకు కొందరికే కనిపించిన వివరాలు అందరికీ కనిపించేలా మారిపోయాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని తప్పుపట్టి 2011లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించింది. ఇంత పెద్ద కంపెనీ గేటు తీసి పెట్టినప్పుడు, లోపల మాట్లాడుకున్న పిల్లవాడిని ఒక్కణ్ణే నిలదీయడం నాకు న్యాయంగా తోచదు.

మనకు వాకబు కొత్త కాదు. సంబంధం వచ్చిందంటే పక్క ఊళ్లో తెలిసినవాళ్లను కనుక్కునేవారు. అబ్బాయి ఎలాంటివాడు, అమ్మాయి ఎలాంటిది, ఇంట్లో వాళ్ల నడవడి ఎలాంటిది. ఆ వాకబులో ఒక గుణం ఉండేది. 'చిన్నప్పుడు కాస్త దుడుకుగా ఉండేవాడండీ, తండ్రి పోయాక ఇల్లంతా తనే మోశాడు' అని చెప్పే పెద్దమనిషి ఒకరు దొరికేవారు. ఆ జవాబులో ఇరవై ఏళ్లు గడిచాయి. కుర్రతనం ఉంది, దాని తర్వాత వచ్చిన మార్పూ ఉంది. ఇప్పటి వాకబు ఫోనులో జరుగుతుంది. పేరు కొట్టి వెతికితే 2013 ఫొటో, 2025 ఫొటో ఒకే వరసలో, ఒకే మెరుపుతో వస్తాయి. మధ్యలో ఆ మనిషి ఏమయ్యాడో చెప్పే పెద్దమనిషి అక్కడ లేడు.

అలాగని ఊరి జ్ఞాపకం దయగలదని నేను కీర్తించడం లేదు. ఆ జ్ఞాపకమే ఎందరో ఆడపిల్లల గొంతు నులిమింది. కులం తక్కువ వాళ్లకు ఏ తప్పూ లేకుండానే తప్పు అంటగట్టింది. ఆ క్రూరత్వం అలాగే ఫోనులోకి వచ్చింది, కొంత దయ మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. అబ్బాయి బీరు సీసాతో దిగిన ఫొటో బయటపడితే కుర్రతనం అంటారు. అమ్మాయి కాలేజీ ట్రిప్పులో ఒక స్నేహితుడి పక్కన నవ్వుతూ నిలబడిన ఫొటో బయటపడితే పెళ్లి మాటలు ఆగిపోతాయి. ఇద్దరూ ఫొటో పెట్టింది ఒకే చోట. పరువు పోయేది మాత్రం ఒకరిదే. అందుకని పోస్టు పరువు తీసింది అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. పోస్టు కళ్ల ముందుకు వచ్చింది, అంతే. తీసింది చూసిన కళ్లే. ఆడపిల్లల ఫొటోలు ఎత్తుకుపోయి బొమ్మలు మార్చి తిప్పేవాళ్ల సంగతి వేరు. అది నేరం, దానికి చట్టం ఉంది, పోలీసు ఉన్నాడు. నేను మాట్లాడుతున్నది నేరం చేయని, చేయబోని, మర్యాదస్తులైన మన గురించే.

చట్టం ఏం చెబుతోందో కొంత వివరంగా చూద్దాం. 2012 నవంబరులో శివసేన అధినేత బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబై స్తంభించింది. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక యువతి ఆ బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో కొన్ని వాక్యాలు రాసింది. ఆమె స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఒక మూక వాళ్లలో ఒకరి బంధువు ఆసుపత్రి మీద పడి ధ్వంసం చేసింది. ఆ తర్వాత కేసు నిలవలేదు. కానీ ఆ అరెస్టులు చూసిన ఒక న్యాయవిద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. శ్రేయా సింఘాల్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 2015 మార్చి 24న, ఆ అరెస్టులకు వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కోర్టు కొట్టేసింది. ధర్మాసనంలో ఉన్న ఇద్దరిలో ఒకరు మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు. తీర్పు రాసినవారు జస్టిస్ రోహింటన్ నారిమన్. కొట్టేసిన సెక్షన్ కింద ఆ తర్వాత కూడా పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి, ఇక పెట్టవద్దని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

66ఎ పోయింది గానీ పరువు నష్టం నేరంగానే ఉంది. 2016 మే 13న సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు, పరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పి, పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనంది. పాత శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ అయ్యాయి. జైలు, జరిమానాలతో పాటు సమాజసేవ కూడా శిక్షగా చేరింది. ఇదంతా ఇతరుల గురించి మనం పెట్టే మాటల సంగతి. మన గురించి మనమే పెట్టుకున్నవాటి సంగతి ఏమిటి?

ఐరోపాలో దీనికి ఒక దారి దొరికింది. స్పెయిన్‌లో ఒకాయన బాకీల కోసం ఆస్తి వేలం వేస్తున్నట్టు 1998లో ఒక దినపత్రికలో ప్రకటన వచ్చింది. బాకీ ఎప్పుడో తీరిపోయింది. పదేళ్లు దాటాక కూడా గూగుల్‌లో ఆయన పేరు కొడితే ఆ వేలమే ముందు వచ్చేది. ఆయన పోరాడగా పోరాడగా ఐరోపా న్యాయస్థానం 2014 మే 13న తీర్పు ఇచ్చింది. పత్రికలో ఉన్నది పత్రికలో ఉండనివ్వండి, పేరు వెతికినప్పుడు మాత్రం ఆ లింకు చూపించవద్దు అంది. ఎంత సున్నితమైన గీతో చూడండి. చరిత్రను చెరపలేదు. ప్రతి ఉదయం దాన్ని ఆ మనిషి గుమ్మంలో పడేయడం మాత్రం ఆపింది. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులతో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. అందులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ విడిగా రాసిన తీర్పులో, మనుషులు మరిచిపోయినా ఇంటర్నెట్ మరవనివ్వడం లేదని బాధపడి, మనిషికి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఉండాలన్న అర్థం వచ్చేలా రాశారు.

ఆ వెలుగులో వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెరిచి చూడండి. మన సమాచారం తొలగించమని అడిగే హక్కు అందులో ఉంది. అదే చట్టంలో మూడో సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది. ఎవరి డేటాను వాళ్లే బహిరంగంగా పెట్టుకుంటే ఆ డేటాకు ఈ చట్టం వర్తించదు. తన అభిప్రాయాలు రాసుకుంటూ తన వివరాలు సోషల్ మీడియాలో తానే బయటపెట్టిన ఒక స్త్రీని ఉదాహరణగా చూపించి మరీ చెప్పింది. పదిహేడేళ్లకు పెట్టినదైనా, ముప్పై ఏడేళ్లకు పెట్టినదైనా ఒకటే. ఇది చాలా పెద్ద లోటు. వ్యక్తిగత పోస్టుల వల్ల పేరు చెడుతున్నవాళ్లలో ఎక్కువమంది తమ వివరాలు తామే పెట్టుకున్నవాళ్లు కదా! సరిగ్గా వాళ్లనే చట్టం గుమ్మం బయట నిలబెట్టింది. కనీసం పద్దెనిమిదేళ్లలోపు పెట్టినవాటికైనా ఈ మినహాయింపు వర్తించకూడదని మన పార్లమెంటు సభ్యులు సవరణ కోరాలి. తల్లిదండ్రులు పిల్లల గురించి పెట్టేవి ఇంకో సమస్య. ఆ పిల్లల అనుమతి ఎవరూ అడగరు. ఫ్రాన్స్ 2024 ఫిబ్రవరిలో పిల్లల చిత్రాల మీద వాళ్ల హక్కును కాపాడటానికి ప్రత్యేకంగా చట్టం చేసింది.

తెలుగు ఇళ్లకు ఈ సంగతి ఇటీవల ఇంకో దారిలో వచ్చింది. అమెరికా వీసా దరఖాస్తులో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలన్న నిబంధన 2019 నుంచే ఉంది. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలు కోరేవాళ్లు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని అక్కడి విదేశాంగ శాఖ చెప్పింది. హైదరాబాద్ కాన్సులేట్ ముందు వరసలో నిలబడే పిల్లల ఇళ్లలో ఆ రోజుల్లో ఎంత భయం! తాళం వేసుకుని స్నేహితులతో మాట్లాడుకున్న గది తలుపులు తెరవమని ఒక ప్రభుత్వం అడిగింది. స్నేహితుల కోసం రాసినది అధికారి చదువుతాడని రాసే రోజున ఏ పిల్లవాడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నారు. ఫలితంగా మన పిల్లలు మాట్లాడటమే మానేస్తున్నారు. రాజకీయం మీద, యుద్ధం మీద, అన్యాయం మీద ఇరవై ఏళ్ల వయసులో నోరు విప్పనివాళ్లు నలభై ఏళ్లకు విప్పుతారని నాకు నమ్మకం లేదు. పరువు నష్టం గురించి మాట్లాడేటప్పుడు ఈ నష్టాన్నీ లెక్కలో వేసుకోవాలి. జాగ్రత్త పేరుతో ఒక తరం నోళ్లు కట్టేసుకోవడం నార్లవారికి నచ్చే సంగతి కాదు.

ఇప్పుడు పంచేవాళ్ల దగ్గరికి వస్తాను. ఎస్.వి. శేఖర్ తమిళనాడులో పేరున్న నటుడు, మాజీ ఎమ్మెల్యే. 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే ఒక పోస్టును తన ఫేస్‌బుక్‌లో పంచాడు. గొడవయ్యాక తీసేసి క్షమాపణ చెప్పాడు. అది తాను రాసింది కాదని, చదవకుండా పంపానని వాదించాడు. మద్రాసు హైకోర్టు 2023 జులైలో ఆ వాదన ఒప్పుకోలేదు. పంచినవాడు ఆ మాటకు బాధ్యుడేనంది. సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ సమయంలో కళ్లలో మందు వేసుకుని ఉండటంతో సరిగా చదవలేదని లాయరు చెప్పారు. అక్కడా ఊరట దొరకలేదు. 2024 ఫిబ్రవరిలో చెన్నై ప్రత్యేక కోర్టు నెల రోజుల సాధారణ జైలు, 15,000 రూపాయల జరిమానా వేసింది. రాసినవాడే కాదు, ఎత్తి ఇంకొకరి ముందు పెట్టినవాడూ ప్రచురణకర్తే అన్నది పరువు నష్టం చట్టంలో పాత సూత్రం. అచ్చుయంత్రం ఉన్నవాళ్లకే అది వర్తించిన కాలం పోయింది. ఇప్పుడు ఫార్వర్డ్ నొక్కే ప్రతి బొటనవేలికీ వర్తిస్తుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మన వృత్తివాళ్లు చేస్తున్న పని. ఎక్కడో ఒక గృహిణి పెట్టిన రీలు, ఒక కండక్టరు మాట్లాడిన వీడియో, ఒక ఇంజనీరింగ్ కుర్రాడు రాసిన రెండు లైన్లు తీసుకుని, 'ఏకిపారేస్తున్న నెటిజన్లు' అని హెడ్డింగు పెట్టి వెబ్‌సైటులో వేస్తున్నారు. ఆ మనిషికి ఫోను చేసి ఏమ్మా, ఏమైంది అని అడిగిన విలేఖరి కనిపించడు. కామెంట్లలో నుంచి అయిదు తిట్లు ఏరి కింద పేరుస్తారు. నాలుగు రోజుల్లో ఆరిపోయే గొడవకు పత్రిక పేరుతో శాశ్వత చిరునామా ఏర్పడుతుంది. గూగుల్‌లో ఆ మనిషి పేరు కొడితే ఆమె సొంత పోస్టుకంటే ముందు మన వార్తే వస్తుంది. ఇలాంటివాటికి క్లిక్కులు ఎందుకు వస్తాయో పరిశోధకులు కూడా చూశారు. నీతి ఆవేశం నిండిన ఒక్కొక్క పదం చేరినకొద్దీ ట్వీటు వ్యాప్తి సుమారు 20 శాతం పెరుగుతోందని 2017లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. 'సిగ్గులేదా' అన్న మాటకు వ్యాపార విలువ ఉందన్నమాట. ఆ విలువ కోసం పేరూ ఊరూ ఉన్న ఒక మామూలు మనిషిని ముడిసరుకు చేసుకోవడం జర్నలిజం కాదు. ఈ సభలో ఉన్న యువ విలేఖరులకు ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

మరి ఏ పాత పోస్టూ బయటపెట్టకూడదా? పెట్టాలి. వీరేశలింగం దగ్గర గుర్తుపెట్టుకోమన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. మన మీద అధికారం అడుగుతున్నవాడు, మనకు తీర్పు చెప్పబోయేవాడు, మన పిల్లలకు పాఠం చెప్పే చోట కూర్చుని ఒక కులాన్నో మతాన్నో ద్వేషించేవాడు నిన్న ఏం రాశాడో మనం తెలుసుకోవాలి. ఆ రాతకూ ఆ కుర్చీకీ సంబంధం ఉంది. ఆ ద్వేషం ఇప్పటికీ అతనిలో ఉందా, ఎవరి మీద పడిందో వాళ్లకు అతను ఏమైనా జవాబు చెప్పాడా అన్నది అడగాలి. కుర్చీ లేనివాడి విషయంలో, ఎవరికీ దెబ్బ తగలని ఒక ఫొటో విషయంలో, తేదీ చూసిన వెంటనే ఆగిపోవడం మర్యాద. ఆ మర్యాదను హెచ్ఆర్ విభాగాలు కూడా కాగితం మీద రాసుకోవచ్చు. ఏ వయసు వరకు పెట్టినవి చూడం, ఏ రకం పోస్టులు లెక్కలోకి తీసుకోం, అభ్యర్థిని అడగకుండా దేని ఆధారంగానూ తిరస్కరించం అని. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్న తెలుగువాళ్లకు కొదవ లేదు కదా! పిల్లలకు నేను చెప్పగలిగింది చిన్న పని. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' అని ఒకటుంది. ఒక్క నొక్కుతో పాత బహిరంగ పోస్టులన్నీ స్నేహితులకే పరిమితమవుతాయి. స్క్రీన్‌షాట్ తీసుకున్నవాడిని అది ఆపలేదు, కొత్తగా తవ్వేవాడికి మాత్రం పని కష్టమవుతుంది.

ముగించే ముందు పత్రికల విషయంలో ఒక ప్రతిపాదన. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక వార్తా సంస్థ 2018లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. చిన్న తప్పులకు ఎప్పుడో వార్తల్లోకి ఎక్కి, ఇప్పటికీ ఆ వార్త వల్ల ఉద్యోగాలు దొరకనివాళ్లు అర్జీ పెట్టుకుంటే, సంపాదకులు కూర్చుని పరిశీలించి, న్యాయమనిపిస్తే పాత వార్తలో నుంచి పేరు తీసేస్తారు. బోస్టన్ గ్లోబ్ 2021 జనవరిలో 'ఫ్రెష్ స్టార్ట్' పేరుతో ఇలాంటిదే పెట్టింది. అధికారంలో ఉన్నవాళ్ల అర్జీలు, పెద్ద నేరాల వార్తలు ఈ పద్ధతిలోకి తేలిగ్గా రావు. మామూలు మనుషుల చిన్న చిన్న మరకలకే ఇది. మన తెలుగు పత్రికల జిల్లా పేజీలు ఇరవై ఏళ్లుగా ఇంటర్నెట్‌లో పేరుకుపోతున్నాయి. కేసు పెట్టినప్పుడు పేరూ ఫొటో వేశాం. కొట్టేసినప్పుడు చాలాసార్లు వేయలేదు. పోస్టుల మీద రాసిన 'నెటిజన్ల' వార్తలు దానికి తోడయ్యాయి.

ప్రతి తెలుగు దినపత్రికలో, ప్రతి వార్తా వెబ్‌సైటులో ఇలాంటి అర్జీలు తీసుకునే ఒక బల్ల ఉండాలని కోరుతున్నాను. ఒక సీనియర్ సంపాదకుడు, ఒక న్యాయవాది, వృత్తికి బయటి మనిషి ఒకరు, అందులో ఒక మహిళ తప్పనిసరిగా ఉంటే చాలు. అర్జీ తెలుగులో, ఒక పేజీలో, రుసుము లేకుండా పెట్టుకునే వీలుండాలి. జవాబు నెల రోజుల్లో, కారణంతో సహా రాతపూర్వకంగా రావాలి. కాదన్నా సరే, కారణం చెప్పాలి. నార్లవారి పేరు మీద నడుస్తున్న ఈ వేదిక తరఫున ఆ విజ్ఞప్తిని సంపాదకులందరికీ పంపవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను. ముసాయిదా రాసే పని నేను తీసుకుంటాను. సంతకం పెట్టదలచినవాళ్లు సభ అయ్యాక ఉండండి.